కింద రాసిన రెండు

మా పెదనాన్న నల్లబల్ల మీద సుద్దముక్క ఆనించాడంటే చాలు, హైడ్రోజన్ లేచి నిలబడేది. ఆక్సిజన్ అయితే ఆయన కూర్చోమనేదాకా ఊపిరి కూడా పీల్చేది కాదు. కళ్లారా చూసినవాణ్ని నేను. చదువు నన్ను వదిలేసిందని గిట్టనివాళ్లు అంటారు గానీ, నిజానికి నేనే దాని మీద జాలిపడి వదిలేశాను. వదిలేసేలోపు ఆయన ట్యూషన్‌లో సమీకరణాలు తుల్యం చేయడం మాత్రం నేర్చేసుకున్నాను.

ట్యూషన్ వాళ్ల ముందుగదిలోనే. ఆ గదిలో కన్నకూతురైనా ఆయన్ని "సార్" అనాలి. వంటింట్లోకి వెళ్తే మళ్లీ "నాన్నా". ఆ కూతురే మా అక్క, తనకి అదో ఆట. సరిగ్గా గడప మీద నిలబడి, "సార్ నాన్నా, ఇప్పుడు నిన్నేమని పిలవాలి?" అని ఆటపట్టించేది.

ఆయన పాఠం ఒకటే. "ముందు పెట్టే అంకె మనిష్టం. ఎంత కావాలంటే అంత పెట్టుకోండి. కిందుండే చిన్నంకె జోలికి మాత్రం పోకండి. అది దాని పుట్టుక. ముట్టుకుంటే పదార్థమే మారిపోతుంది."

ఒకరోజు అక్కని లేపి నీళ్ల సమీకరణం ఇచ్చాడు. ఎడమపక్క ఆక్సిజన్లు రెండు, కుడిపక్క ఒకటే. నీళ్ల ముందు ఒక రెండు, హైడ్రోజన్ ముందు ఒక రెండు పెడితే అయిపోయేది. తొందరలో అక్క నీళ్లలోని ఆక్సిజన్ కింద చిన్న రెండు రాసేసి, "సరిపోయింది సార్!" అంది. లెక్క నిజంగానే సరిపోయింది. నీళ్లే పుండ్లు కడిగే మందు, హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోయాయి.

"ఆహా! మందుల షాపు పెడతానంటుంది ఈ మహాతల్లి," అన్నాడు పెదనాన్న. "ఆ కూజాలో నీళ్లు పారబోసి ఈవిడ చేసిన నీళ్లు పోయండర్రా. ముందు తనే తాగి చూపిస్తుంది!"

పిల్లలు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి వదులైన కిటికీ అద్దాలు ఇప్పటికీ బిగుసుకోలేదు.

ఆ పూట భోజనాల దగ్గర, వంటింట్లో, అక్క గ్లాసు పట్టుకుని అడిగింది. "మీకు మంచినీళ్లు కావాలా సార్?"

అలక నాలుగు రోజుల్లో తీరుతుందనుకున్నాడు ఆయన. "మీరే తప్పయిందని ఒక మాట అనేస్తే పోలా?" అని పెద్దమ్మ పోరితే, "తప్పు రాసింది తనైతే నేనెందుకనాలి?" అన్నాడు. అలక అలవాటైపోయింది. మందుల షాపు మాట మళ్లీ ఎత్తకుండా అక్క జుట్టు పని నేర్చుకుంది. వెనక వీధిలో పార్లర్ పెట్టింది. అక్కడి అల్మారా నిండా జుట్టు నలుపు పోగొట్టే మందు సీసాలే. వాటి మీద రాసుంటుంది, ఆరోజు తను చేసిన నీళ్ల పేరు.

ఆ "నాన్నా" అనే పిలుపు కోసమే పెదనాన్న మొన్న అక్కడికి వెళ్లాడు. పైకి మాత్రం కటింగ్ అని చెప్పాడు. తోడుగా నేనూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. అక్క ఆయన మెడ చుట్టూ గుడ్డ కట్టింది. ఆయన సీసాల వంకే చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఆరోజు నీ లెక్క సరిపోయిందమ్మా. నీళ్లు కాలేదు, అంతే. నేనే... అందరి ముందూ ఆ మాట అనకుండా ఉండాల్సింది."

కత్తెర ఆగింది. అంతే, అక్క "నాన్నా!" అని బావురుమంది. ఆ కన్నీళ్లకి కుర్చీలు తేలాయి, నేను ఈదుకుంటూ వీధిలోకొచ్చి పడ్డాను.

ఇదంతా రాసి పెదనాన్నకి చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"హైడ్రోజన్ ఎప్పుడూ లేవలేదురా, కుర్చీలూ తేలలేదు. 'తల కాస్త వంచండి సార్' అంది. వంచాను."