గాలికి వంకలు పెట్టే మాస్టారు

డైవింగ్ మాస్టారు గాలి రుచి చూస్తారు. వేళాకోళం కాదు, నిజంగానే. సిలిండరు గొట్టం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఓ గుక్క పీల్చి, కొత్తకోడలి వంట తిన్న అత్తగారిలా మొహం పెడతారు.

"ఇందులో ఉప్పెక్కువైంది. అవతల పెట్టండి."

"గాలిలో ఉప్పేమిటి మాస్టారూ?" అంటే, "నాలుకున్నది వాగడానికే అనుకున్నావా?" అంటారు.

ఒకసారి సంతకం కోసం వచ్చిన పూల్ మేనేజరు చేత కూడా రెండు సిలిండర్లు పీల్పించారు. మేనేజరు మొహమాటస్తుడు. రెండోది కాస్త చప్పగా ఉందని ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

ఈ పిచ్చితో మెట్ల మహారాణికి తలప్రాణం తోకకొచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. మూడు వారాలుగా పూల్ మెట్లు వదలడం లేదని తోటి పిల్లలు ఇచ్చిన బిరుదది. ఈత బ్రహ్మాండంగా వచ్చు. నీళ్ళ కింద ఊపిరి తియ్యమంటే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. ఇవాళ ఆఖరి క్లాసు. ఇవాళ కూడా అడుక్కి వెళ్ళకపోతే ఆదివారం సముద్రానికి వెళ్ళే జట్టులో ఆమె పేరుండదు. సముద్రం అడుగు చూసొస్తానని బడంతా చాటింపు వేసుకుంది కూడా.

మిగతా పిల్లలు తొమ్మిదిమందీ దిగి, తేలి, గట్టున కూర్చున్నారు. మాస్టారు ఆమె సిలిండరు పీల్చి పెదవి విరిచారు.

"ఛీ, ఇది నీకు పనికిరాదు." ఇంకోటి తెప్పించారు. "ఇదీ అంతే. నమ్మకపోతే నువ్వే చూడు. ముక్కుకి మాస్కు పెట్టుకో, పూల్ మందు వాసన కలిస్తే రుచి తెలీదు."

ఆమె పీల్చింది. "బానే ఉంది మాస్టారూ."

"ఒక్కసారికేం తెలుస్తుంది? నిదానంగా ఐదుసార్లు."

మూడోది మాడు కంపట. నాలుగోది నిన్నటిదట. "ఎండకి గాలి పాడవుతోంది, ఓ మెట్టు దిగు" అన్నారు. ఐదోదానికి నడుం దాకా, ఆరోదానికి గడ్డం దాకా నీళ్ళొచ్చాయి. గట్టుమీద పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నా గాలికేనా ఇన్ని వంకలు? ఏదో ఒకటి ఇచ్చి తగలెయ్యండి!"

"ఇదిగో, ఈ ఏడోది పరవాలేదనుకుంటా. కానీ ఈ గోలలో తేలదు. కింద కూర్చుని చూద్దాం పద."

ఆ కోపంలోనే వెళ్ళి పూల్ అడుగున మఠం వేసుక్కూర్చుంది. ఎదురుగా మాస్టారూ మఠం వేసుకుని, కళ్ళు మూసుకుని తీవ్రంగా ఆలోచిస్తున్నారు. ఈ మహానుభావుడు తేల్చేదెప్పుడని విసుక్కుంటూ పైకి చూసింది. తలమీద రెండు నిలువుల నీళ్ళు! ఊపిరేమో తాపీగా ఆడుతోంది. సంతోషం పట్టలేక గొట్టంలోనే కేకేసింది.

బట్టలైనా మార్చుకోకుండా సిలిండర్లు నింపే తాత దగ్గరికి పరిగెత్తింది. "తాతా, నేను దిగాను! కానీ నా గాలి ఆరుసార్లు ఎందుకు పాడైంది?"

తాత మెషిన్ తుడుస్తూ, "అన్నీ పొద్దున ఇందులోంచే నింపానమ్మా. రుచేమిటి, నా మొహం!" అన్నాడు. "ఇన్నేళ్ళుగా చూస్తున్నా. ధైర్యంగా దూకే పిల్లల గాలికి ఆయన రెండో మాట అనరు. భయపడే పిల్లల సిలిండర్లే పాడవుతుంటాయి."

ఆమెకి ఇందాకటిదాకా తిట్టుకున్న మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. తిన్నగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"మాస్టారూ, గాలికి రుచుండదట. తాత చెప్పాడు."

మాస్టారు సముద్రానికి వెళ్ళేవాళ్ళ జాబితాలో పదో పేరు రాస్తున్నారు. తలైనా ఎత్తలేదు.

"ఆయన మాటలు నమ్మకు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయనకి జలుబే."