నల్ల అంచు కార్డు

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఉరవకొండలో పోయి నిన్నటికి పదిహేను రోజులు. కబురు నాకు ధర్మవరానికి తంతి మీద వచ్చింది. ఇరవై ఏళ్లు ఊరందరి చావు కబుర్లు తంతి కొట్టిన గుమాస్తా ఆయన. ఈసారి ఆయనదే ఎవరో కొట్టారు.

పోయాడు కదా అని పొగడలేను. బావంటే నాకు చులకన. పొద్దంతా ఆఫీసులో జీతానికి టక్కుటక్కు కొట్టి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ ఊరికే టక్కుటక్కు కొట్టేవాడు. దూరదేశాలవాళ్లతో మాట్లాడే యుద్ధం నాటి మిలిటరీ రేడియో సెట్టొకటి మద్రాసు నుంచి మోసుకొచ్చి, లైసెన్సు తెచ్చుకుని, మిద్దె మీద నుంచి వేపచెట్టుకు తీగ కట్టాడు. ఆ తీగ మీద మా అక్క చీరలు ఆరేసేది. ఆ సెట్టు వల్ల ఇంటికి ఒరిగిన మేలు అదొక్కటే.

"తంతి వచ్చిందంటే విప్పకముందే ఏడుస్తారప్పా. దీంట్లో ఎవురూ సావరు. బాగుండావా అంటే బాగుండా అంటాడు, అంతే" అనేవాడు. అంత దూరాన ఎవడో బాగుంటే మనకేం?

ఆయన దోస్తు ఒకడు నడిసముద్రంలో ఏదో దీవిలో ఉండేవాడట. అక్కడికి ఏడాదికి ఒకటో రెండో ఓడలు. శెనక్కాయ పైరు ఎండిపోయి జనం మబ్బుల కోసం చూస్తుంటే, ఈయన వీధిలోకి వచ్చి, "ఈ పొద్దు ఆ దీవిలో జోరుగా వాన పడ్తాండాదంట!" అని సంబరంగా చెప్పేవాడు. ఆ దీవీ లేదు, వానా లేదు, సారుకు ఎండదెబ్బ తగిలినాది అని టీ అంగట్లో నవ్వుకునేవాళ్లు.

ఇలా రేడియోలో మాట్లాడుకున్నవాళ్లు, అవును మాట్లాడాం అని ఒకరికొకరు కార్డు పంపుకోవాలట. కార్డు చేతికి రాకపోతే మాట్లాడినట్టే కాదట. దేశదేశాల కార్డులు గోడకు అంటించి, నట్టనడుమ దీవి కార్డుకు జాగా వదిలాడు. "అది రానీ, అంగట్లో అందరికీ చూపిస్తా" అని పద్నాలుగు నెలలు ఎదురుచూశాడు.

అది వచ్చిన రోజు, అక్కను చూడ్డానికి వచ్చి, గడపలో నేనున్నాను. నాకు ఇంగ్లీషు రాదు. పట్టుచీరల వ్యాపారిని, అంచు చూసి సరుకు చెప్పగలనని గర్వం. ఆ కార్డు చుట్టూ నల్ల అంచు ఉంది. మనవైపు నలుపు పూసిన కార్డంటే చావు కబురే, ఇంట్లోకి తేకూడదు, గడప బయటే చింపేయాలి. పోయినవాడు ఎవరో దొర, నోటితో చెబితే చాలనుకుని నాలుగు ముక్కలు చేసి పారేశాను. బావ రాగానే, "మీ దొరల్లో ఎవురో పోయినట్టుండాడు బావా. నీళ్లు పోసుకోని లోపలికి రా" అన్నాను.

ఆయన వీధిలో వంగి వంగి ఏరాడు. మూడు ముక్కలే దొరికాయి. రేడియోలో ఆయన్ని పిలిచే పేరున్న నాలుగోది గాలికి పోయింది. "అది సోకుకు ఏసిన అంచప్పా, నీ చీరలకు ఏసినట్లే" అన్నాడు. ముక్కల మీద దుమ్ము దులిపి, "పోనీలే, ఎవురూ సావలేదు గదా" అన్నాడు.

మూడు ముక్కలే అంగడికి పట్టుకుపోయాడు, వెనకాలే నేనూ పోయాను. "దీంట్లో నీ పేరు యాడుండాది సారూ?" అని అందరూ విరగబడి నవ్వారు. చింపింది నేనని చెబితే నా పరువు పోతుందని నేనూ వాళ్లతోపాటు నవ్వాను. బావ ఒకసారి నా వైపు చూశాడు. నా పేరు మాత్రం ఎత్తలేదు. ఆ తర్వాత వీధిలో దీవి మాట కూడా ఎత్తలేదు. ఊరంతటిలోకి నీచుణ్ణి నేనే.

దినం రోజున అదే అంగడి జనం వచ్చి, కడుపునిండా తిని, మహానుభావుడు అన్నారు. ఒకడు పళ్లు కుట్టుకుంటూ గోడ చూసి, "ఆ దీవి కత నిజమేనా అన్నా?" అని నన్ను అడిగాడు.

"నిజమే. కార్డొచ్చినాది. చింపింది నేను."

మూలన కూర్చున్న మా అక్క తలెత్తింది. "ఇప్పుడు చెప్తివా?" అంది.

గోడ నట్టనడుమ బావ అంటించిన మూడు ముక్కలు అట్లాగే ఉన్నాయి. నాలుగోదాని చోట సున్నం కనబడుతోంది. బావ పోయాడని వచ్చిన తంతి కాగితం ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. చదివిన వెంటనే గడప బయట చింపేయాలి. చింపడానికి చేతులు రావడం లేదు.