ఎల్లిస్ గారి గడ్డిటోపీ

వేసవి మొదట్లో కూలరు గడ్డి మీద తొలి నీళ్ళు పడగానే ఒక వాసన లేస్తుంది. మా ఆసుపత్రిలో మిగతావాళ్ళకి అది చల్లదనం కబురు. నాకు మాత్రం దుబాయి దగ్గరి జెబెల్ అలీ ఎండలో నడిచొస్తున్న ఒక పొడుగాటి నల్లటి మనిషి, ఆయన నెత్తిన నీళ్ళోడుతున్న గడ్డిటోపీ కనిపిస్తాయి. ఆ టోపీ గురించి ఇప్పటికి చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా అది జానెడు పెరిగింది. పోయిన క్రిస్మస్‌కి మా చెల్లెలి పిల్లలకి చెప్పేసరికి దాని నీడలో రెండు ఒంటెలు పడుకుని ఉన్నాయి. ఇది అచ్చులోకి వెళ్ళేది కాబట్టి ఒంటెలను తోలేస్తున్నాను. మిగతాది జరిగిందే.

డెబ్బైల చివర్లో, అక్కడ రేవు కడుతున్న రోజుల్లో, నర్సాపురం నుంచి వెళ్ళి ఒక కంపెనీ క్యాంపులో నర్సుగా చేరాను. క్లినిక్కంటే రెండు గదులు, మధ్యలో ఇసుక ముంగిలి. ఏసీ ఉన్నది ఇంజనీర్లకీ ఫోర్మన్లకీ. రేకుల కప్పు కింద ఫంకా ఉన్నది కూలీలకి. అలాగని ఎక్కడా బోర్డు లేదు. అందరికీ తెలుసు, అంతే. ఎల్లిస్ గారు పెద్ద కాంట్రాక్టరు తరఫున క్యాంపులన్నీ తనిఖీ చేసే అమెరికన్. ఆయన సంతకం పడకపోతే మా కంపెనీకి బిల్లు పాసవదు. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు, చెయ్యి తెగి కట్టు కట్టించుకుంటున్న జగిత్యాల గంగారాం నోరు తెరిచి చూశాడు. "దొరంటే తెల్లగుంటడనుకున్న సిస్టరమ్మా. ఈయన అచ్చం మా మేనమామ లెక్కనే ఉన్నడు!"

ఆ రోజు మా ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, కూలీ రోగులందర్నీ ఏసీ గదిలోకి మార్పించి చూపించాడు. ఎల్లిస్ గారు తలాడించి, ఎండకి ఎప్పుడూ తడిపి పెట్టుకునే గడ్డిటోపీ బల్లమీద మరిచిపోయి కారెక్కారు. నేను ఇసుకలో పరుగెత్తి టోపీ అందించాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"సిస్టర్," అన్నారు తాపీగా, "ఇంకోసారి ఇంత మంచిపని చెయ్యకు."

తర్వాత వచ్చినప్పుడు కారణం చెప్పారు. అరవైల్లో ఆయన వాళ్ళ ప్రభుత్వంలో తనిఖీ ఉద్యోగి. నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ వేరే వార్డుల్లో పెట్టే ఆసుపత్రికి ప్రభుత్వ సొమ్ము రాదని చట్టం వచ్చింది. ఒక ఊళ్ళో అందర్నీ పక్కపక్క మంచాల మీద చూసి, సంతోషపడి, నిజంగానే టోపీ మరిచి వెనక్కి వెళ్ళారట. నల్లవాళ్ళ మంచాలు మళ్ళీ నేలమాళిగలోకి దొర్లిపోతున్నాయి. "మా అమ్మ పోయింది అలాంటి నేలమాళిగలోనే, బాయిలరు పక్కన," అన్నారు. అప్పట్నుంచీ ప్రతి ఆసుపత్రిలోనూ టోపీ మరిచిపోవడమే ఆయన పని.

"ఎవరైనా చెబితే మీరు నమ్మరా సార్?" అన్నాను.

"నమ్ముతాను. కానీ చెప్పినవాళ్ళ ఉద్యోగం పోతుంది. టోపీని ఎవరేం చేస్తారు?"

 నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. నోరు తెరిస్తే తర్వాతి విమానం నాదే.

ఆ ఏడాది ఆగస్టులో గంగారాంకి ఎండదెబ్బ తగిలింది. స్పృహ లేదు, ఒళ్ళు కాలే పెనం. ఆ ఉదయమే తనిఖీ ఉండబట్టి అతన్ని ఏసీ గదిలో పడుకోబెట్టనిచ్చారు. చంకల్లో మంచుముక్కలు పెట్టాను. వేడి కొంచెం కొంచెంగా దిగుతోంది. ముదీర్ హైదరాబాదీ, నా చెవిలో అన్నాడు: "సాబ్ గాడీ గేటు దాటంగనే ఖలాస్. అందర్నీ వాపస్ రేకుల రూముల పడెయ్యాలె."

"ఇతన్ని కదిపితే బతకడు సార్."

"అరే సిస్టర్, ఫోర్మన్ ఒస్తుండు పంటి నొప్పికి. మంచం కావాలె గదా!"

ఈ లోపల టోపీ కబురు పక్క క్యాంపు నుంచి ముదీర్‌కి చేరిపోయింది. ఎల్లిస్ గారు టోపీ తియ్యడమే ఆలస్యం, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ప్రసాదంలా మోస్తూ ఆయన వెంటే తిరిగాడు. నేను గంగారాం వైపు చూశాను. టోపీ వైపు చూశాను.

"ఎండిపోయింది సార్, తడిపి తెస్తాను," అని ముదీర్ చేతిలోంచి లాక్కున్నాను. కొళాయి కింద తడిపిన మాట నిజం. ఆ తర్వాత అది గంగారాం పొట్టమీద, దుప్పటి కింద ఉంది.

"టోపీ గాడీల పెట్టినవా?" అన్నాడు ముదీర్.

"పెట్టేశాను సార్," అన్నాను. అబద్ధాలాడటంలో నాకు చిన్నప్పట్నుంచీ మంచి చెయ్యి.

ఎల్లిస్ గారు నన్నొక్కసారి చూసి, ఉత్త నెత్తితో ఎండలోకి వెళ్ళిపోయారు. కారు గేటు దాటింది. "యల్లా, యల్లా!" అని తొందరపెట్టాడు ముదీర్. ఇద్దరు గంగారాం మంచం ఎత్తారు. సరిగ్గా ముంగిలి మధ్యకి వచ్చేసరికి కారు తిరిగొచ్చి మా ముందే ఆగింది.

"నా టోపీ," అన్నారు ఎల్లిస్ గారు. పొట్ట దగ్గర ఎత్తుగా ఉన్న దుప్పటి తొలగించి, ఆ బోర్లించిన టోపీని చూసి, ముదీర్‌ని మర్యాదగా అడిగారు. "ఈ మంచం లోపలికి పోతోందా, బయటికా?"

"అందర్ సాబ్, అందర్!" అన్నాడు ముదీర్. మంచం అక్కడికక్కడే ఏసీ గది వైపు తిరిగింది.

"మంచిది. ఆ రేకుల గదిలో సిమెంటు బస్తాలు పెట్టించండి. వాటికి చెమట పట్టదు. అవి పెట్టాక సంతకానికి రండి."

సాయంత్రానికి గంగారాం కళ్ళు తెరిచాడు. "సిస్టరమ్మా, ఎవలో నా కడుపు మీద తడి గంప బోర్లిచ్చినట్టు కలొచ్చింది. జర చాయ్ ఇయ్యరాదు?" నేను మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను, నవ్వాను. ఏది ముందో గుర్తు లేదు.

ఎల్లిస్ గారు అమెరికా వెళ్ళిపోయేటప్పుడు టోపీ నాకిస్తారని ఆశపడ్డాను. ఇవ్వలేదు. "నీది నువ్వు చూసుకో," అన్నారు.

చూసుకున్నాను. ఇప్పుడు నేను ఈ ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్దని. వార్డుల్లో వదిలేసి వచ్చే నా గొడుగు గురించి కొత్త నర్సులు నవ్వుకుంటారు, పెద్దమ్మకి మతిమరుపని. నవ్వనివ్వండి. ఇక లేవాలి. ఇందాక రౌండ్లలో, డబ్బు కట్టలేనివాళ్ళుండే ధర్మవార్డులో అందరికీ కొత్త దుప్పట్లు కనిపించాయి. గొడుగు అక్కడే ఉండిపోయింది.