అప్పలనాయుడు గారూ, అక్రోటు కర్రా

మొన్న శుక్రవారం పొద్దున క్యాంపు గదిలో నా పక్క మంచం మల్లేశ్ దేవుడి పటం ముందు దీపం పెట్టాడు. ఏసీ గాలికి వత్తి ఊగి గోడ మీద నల్లటి చార పడింది. తుడుద్దామని వేలు పెట్టాను. వేలికి అంటిన మసిని ఎందుకో ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. అంతే, ఒళ్ళు పులకరించింది. లోకంలో ఎవరికైనా మసి వాసనకు ఇంత హుషారు వస్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం చేతులు ఉలి కోసం వెతుక్కుంటాయి. ఈ పిచ్చి నాకు అంటించిన మనిషి అప్పలనాయుడు గారు.

నేను నిజామాబాద్ జిల్లా నుంచి షట్టరింగ్ కార్పెంటర్‌గా ఖతర్ వచ్చాను. పలకలు కోసి, మేకులు కొట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని ఊడబీకి పక్కన పారేయడం. ఆరేళ్ళు అదే డ్యూటీ. నా చేత్తో చేసిన వస్తువు ఒక్కటీ మిగిలేది కాదు. ముప్ఫై రెండేళ్ళ వయసులో, అల్ రయ్యాన్‌లో ఒక వర్క్‌షాప్‌కు అరలు కొట్టమని కంపెనీ నన్ను పంపింది. వేట తుపాకులు, పోటీల తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉన్న చోటు అది. లోపల ఖాకీ ఏప్రాన్ కట్టుకుని, దళసరి కళ్ళద్దాలతో ఒక పెద్దాయన నా పని చూస్తూ నిలబడ్డారు. ఆయనే అప్పలనాయుడు గారు, శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో తుపాకులు మరమ్మతు చేసి రిటైరై, ఇక్కడికి వచ్చారు.

"ఏటయ్యా, రంపం పట్టడం ఎవులు నేర్పినారు నీకు?" అన్నారు.

"మా నాయిన సార్. మేం వడ్లోళ్ళం."

"మా కాడ వడ్రంగులంటాం. అయితే కొయ్య మాట నీకు ఇనపడతాదన్నమాట. ఈ అరలు అయిపోనీ, నా కాడికి వచ్చీ."

ఆయన మేనేజరుతో మాట్లాడారు, మేనేజరు మా కంపెనీతో మాట్లాడాడు. నెల తిరక్కుండా నేను ఆయన బల్ల పక్కన నిలబడ్డాను. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ హడలిపోయింది. "దుబాయ్‌ల నీకు తుపాకులతోని ఏం పని? పోలీసోళ్ళు పట్టుకపోతరు!" అంది. ఇది దుబాయ్ కాదనీ, లైసెన్సు ఉన్న దుకాణమనీ, నేను చెక్కేది కట్టెనే అనీ చెప్పేసరికి ఫోన్ చార్జింగ్ అయిపోయింది.

ఆ ఎండాకాలం చివర్లో నూరా మేడం వచ్చింది. బడిలో లెక్కలు చెప్పే టీచరు. క్లబ్బులో రైఫిల్ పోటీలకు వెళుతుంది. లైసెన్సు కాగితాలన్నీ ముందు పెట్టి, ఆ తర్వాత పొడవాటి పెట్టె తెరిచింది. అందులో వాళ్ళ తాత వదిలివెళ్ళిన పాతకాలపు మిలిటరీ రైఫిల్ ఉంది. మూతి దాకా కర్ర తొడుగు, ఇనుప పట్టీలు, ఏళ్ళ తరబడి పట్టిన గ్రీజు. గడ్డపారంత బరువు. "తాతయ్య చేతులు పొడవు, నావి కావు. చలికాలం పోటీలో దీంతోనే నిలబడాలని ఉంది" అంది, హిందీ, ఇంగ్లీషు కలిపి.

అప్పలనాయుడు గారు బోల్టు వెనక్కి లాగి ముందుకు తోశారు. తాళం పడ్డ చప్పుడుకు ఆయన మొహం వెలిగిపోయింది. ఆమె వెళ్ళాక నాతో అన్నారు: "ఇది సిపాయి తుపాకి. ఎవుడి సేతికిస్తే ఆడు మోసేది. ఇప్పుడు దీన్ని ఒక్క మనిసికే కుట్టాల, జాకెట్టు కుట్టినట్టు."

నిజంగానే కుట్టాం. మర్నాడు టేపు ఆమే పట్టుకుంది, అంకెలు నేను రాసుకున్నాను: మోచేతి పొడవు, మెడ, భుజం నుంచి చెంప దాకా. ఉక్కు పనంతా ఆయనది. పాత తొడుగు, పట్టీలు తీసేసి, గురి చూసే దుర్బీను కూర్చోవడానికి అడ్డొస్తున్న బోల్టు పిడిని మార్చారు. కర్ర పని నాది. టర్కీ నుంచి అక్రోటు దిమ్మ ఒకటే వచ్చింది. ఇంకోటి కావాలంటే పోటీ దాటిపోతుంది. తడిగుడ్డతో దాని మీద ఒక్కసారి తుడిచాను. బూడిదరంగు చెక్కలోంచి కాఫీ రంగు, తేనె రంగు చారలు ఒక్కసారిగా పైకి లేచాయి. నేను కేక పెట్టాను. పక్క గదిలోంచి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు, వేలు తెగిందేమోనని.

ఇక మసి సంగతి. ఇనుము కర్రలో వెంట్రుక సందు లేకుండా కూర్చోవాలి. అందుకు ఇనుముకు పల్చగా దీపపు మసి పూసి, కర్రలో ఒత్తి తీస్తాం. నల్లటి చుక్క ఎక్కడ పడితే అక్కడ ఆనుతోందన్నమాట. ఆ చుక్కను మాత్రమే ఉలితో గీరాలి. మళ్ళీ మసి, మళ్ళీ ఒత్తు, మళ్ళీ గీరు. రోజుకు వందసార్లు. విసుగు పుట్టాలి కదా? నాకు మాత్రం తిండి గుర్తుకొచ్చేది కాదు. ప్రతిసారీ చుక్కలు పెరిగేవి, అంటే ఇంకాస్త చోట ఆనినట్టు; ఇనుము వెంట్రుకమందం కిందికి దిగేది. కర్ర నాతో మాట్లాడుతున్నట్టే ఉండేది.

"ఎక్కడ ఆనింది సెప్పు. నల్లగుందా, మసకగుందా?" అని ఆయన అడిగేవారు. నాకు నేర్పడానికి అడుగుతున్నారనుకున్నాను. ఆయనకు చుక్కలు కనబడటం లేదని చాలా రోజుల దాకా నాకు తట్టలేదు. తట్టాక కూడా ఊరుకున్నాను. ఆయన కళ్ళు నేనేనన్న గర్వం లోపల పొంగింది.

ఆ గర్వమే కొంప ముంచింది. ఒక సోమవారం ఆయన దవాఖానకు వెళ్ళారు. "నాను వచ్చీదాకా ముట్టుకోకు" అన్నారు. దిమ్మ ముందు కూర్చుంటే నా చేతులు ఆగలేదు. రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా ఆనేందుకు కర్ర లోపల చిన్న గోడ ఒకటి ఉంటుంది. అక్కడ ఉలి జారింది. చిక్కుడు గింజంత ముక్క లేచిపోయింది. రంపపు పొట్టు, జిగురు కలిపి ఆ గుంట పూడ్చాను, రుద్దాను, మసి రాశాను. మర్నాడు ఆయన బొటనవేలితో తడిమి "బాగుంది" అన్నారు. నాకు ఊపిరి వచ్చింది కానీ ఆ రోజు నుంచి పనిలో రుచి పోయింది.

వారం తర్వాత కర్ర పూర్తయింది. ఇనుము బిగించబోయే ముందు ఆయన పెన్సిల్ తీసి, కర్ర లోపల ఎవరికీ కనబడని చోట తన పేరు రాశారు. పెన్సిల్ నా చేతికిచ్చారు.

"రాయి. నీ పేరు కూడా. ఇది నువ్వు సేసిన కర్ర."

నా చేత్తో చేసి, నిలిచిపోయే మొదటి వస్తువు అది. గంగాధర్‌లో 'గ' రాశాను. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు.

"సార్, నేను తప్పు చేసిన. ఆ గోడ కాడ ఉలి జారింది. పొట్టు పెట్టి మూసిన. మీకు చెప్పలేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి స్టూలు మీద కూర్చున్నారు. తిడితే బాగుండేది.

"ఆ గోడ ఏటి మోస్తాదో తెలుసా?"

"దెబ్బంత మోస్తది సార్."

"నాలుగు దెబ్బలకి నీ పొట్టు రాలిపోద్ది. అయిదోదానికి కర్ర సీలిపోద్ది. ఆ పిల్ల సెంప దీని మీదుంటాది గంగాధరూ." కళ్ళద్దాలు బల్ల మీద పెట్టారు. "నాను వేలు పెట్టి బాగుందన్నాను. కళ్ళు అగుపడతం లేదని నాను ఎవులికీ సెప్పలేదు, ఇంటికి పంపీస్తారేమోనని. నువ్వు కర్రలో దాసినావు, నాను నా కళ్ళల్లో దాసినాను. నూరమ్మకి ఫోను సెయ్యి."

"ముందు బాగుచేసి పిలుద్దాం సార్."

"బాగుసేసీక ఏటి సూస్తాది? ఇప్పుడే సూడాల."

ఆ సాయంత్రమే నూరా మేడం వచ్చింది. మేనేజరు కూడా నిలబడి ఉన్నాడు. అప్పలనాయుడు గారు కర్రను తిప్పి, లోపలి గోడను చూపించి, జరిగిందంతా చెప్పారు. తన కళ్ళ సంగతీ దాచలేదు. ఆమె ఫోన్ లైటు వేసి చాలాసేపు చూసింది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?" అంది నా వైపు తిరిగి.

"పగిలేదాకా తెలిసేది కాదు మేడం."

"బాగవుతుందా?"

"అవుద్దమ్మా. లోపల అతుకుంటాది. వద్దంటే కొత్త కర్ర తెప్పిస్తాం, కాని పోటీ అందదు" అన్నారాయన.

ఆమె కర్ర మీద అరచెయ్యి వేసి నిమిరింది. "యల్లా, సరే, చేయండి. కానీ ముందు నా చెంప లేకుండా కాల్చి చూపించండి."

పాడైన చోటంతా చెక్కేసి, లోపల ఉక్కు ముక్క కూర్చి, దాని చుట్టూ ఎపాక్సీ జిగురు నింపాం. ఈసారి ప్రతి చుక్కా ఇద్దరం చూశాం, ఆయన భూతద్దం పట్టుకుని మరీ. ఫైరింగ్ రేంజిలో రైఫిల్‌ను స్టాండుకు బిగించి, దూరం నుంచి తాడు లాగి కాల్చారు. ఒక్కో పేలుడునూ నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై గుళ్ళ తర్వాత విప్పి చూశాం. గోడ చెక్కుచెదరలేదు.

అప్పుడు నూరా మేడం పడుకుని, కర్రకు చెంప ఆనించింది. రైఫిల్ ఆమె ఒంట్లోంచి మొలిచినట్టు కుదిరింది. అయిదు గుళ్ళు కాల్చింది.

"ఏటి అగుపడతంది? ఉన్నది సెప్పు" అన్నారాయన నా భుజం పట్టుకుని. పక్కన నిలబెట్టిన ఇంకో దుర్బీనులోంచి నేను గురి కాగితం చూశాను.

"మూడు ఒక్క కాడనే ఉన్నయి సార్, రూపాయి బిళ్ళ పెడితే మూతపడతయి. నాలుగోది ఇంచు పైకుంది. అయిదోది... కనవడ్తలేదు."

కాగితం తెప్పించి చూస్తే అయిదో గుండు మొదటి రంధ్రంలోంచే దూరి, దాని అంచు మాత్రం కొంచెం చించింది. నూరా మేడం చప్పట్లు కొట్టింది. అరవై దాటిన అప్పలనాయుడు గారు నన్ను ఎత్తబోయి ఎత్తలేకపోయారు, ఇద్దరం ఇసుకలో కూలబడ్డాం. నా జీవితంలో అంత నవ్వు నవ్వింది ఆ రోజే. పోటీలో ఆమెది మూడో స్థానం. మాకు అది మొదటిదే.

మేనేజరు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు. కళ్ళ ఆపరేషన్ చేయించుకోమని సెలవిచ్చి ఊరికి పంపాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ మనవరాలి మొహం స్పష్టంగా చూశాక తిరిగి రాబుద్ధి కాలేదన్నారు. ఇప్పుడు ఆయన బల్ల నాది. ఫొటోలు పంపితే, పెద్దవి చేసి చూసి తప్పులు పడతారు. "ఇప్పుడు నాకు నీకంటే బాగా అగుపడతంది" అని ఎగతాళి చేస్తారు.

నేను చేసిన కర్రలు ఈ ఊళ్ళో ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నాయి. ప్రతిదానికీ ఇనుము బిగించే ముందు యజమానిని పిలిపిస్తాను. కొందరు ట్రాఫిక్‌లో వచ్చి విసుక్కుంటారు. ఒకాయన "లోపల నాకేం పని? పైన నునుపుగా ఉందిగా, చాలు" అని కోప్పడ్డాడు. అయినా లైటు వేసి, ఎక్కడ ఉలి జారిందో, ఎక్కడ సరిచేశానో వేలుపెట్టి చూపిస్తాను. వాళ్ళు చూసి తల ఊపిన తర్వాతే పెన్సిల్‌తో నా పేరు పూర్తిగా రాసి, మర బిగిస్తాను.