పై అంతస్తులో గుర్రాలు

వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్లిన మా ఆవిడ, పిల్లలు అది ఆలస్యమై అక్కడే ఇరుక్కుపోయారు. ఇక్కడ అమెరికాలో, పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో నేనొక్కణ్ణే. ఇవాళ సాయంత్రం ఏమీ తోచక, పిల్లలకిష్టమైన గుర్రాల సినిమా పెట్టుకున్నాను. అందులో కౌబాయ్‌లు, తుపాకులుండవు. కొండలు, గడ్డి మైదానాలు, వాటి మీద అడవి గుర్రాలు, అంతే. మంద పరుగందుకోగానే సౌండ్ బాగా పెంచాను.

కాసేపటికి ఎవరో తలుపు కొట్టారు. చూస్తే కింది ఫ్లాట్ మూర్తిగారు. మా చెక్క ఫ్లోర్ మీద పిల్లలు గెంతినప్పుడల్లా మెట్లెక్కి వచ్చి కంప్లైంట్ చేసే మనిషి. సారీ చెప్పబోయాను.

"పిల్లలొచ్చేశారాండీ?" అన్నారాయన, నా భుజం మీదుగా లోపలికి చూస్తూ. చేతిలో చాక్లెట్ ప్యాకెట్ ఉంది.

"లేదండీ, సినిమాలో గుర్రాలు. వాల్యూమ్ తగ్గించేస్తాను."

ఆయన టీవీ వంక చూశారు.

"వద్దులెండి, ఉండనివ్వండి. కింద మరీ సైలెంట్‌గా ఉంటోంది."

చాక్లెట్లు నా చేతిలో పెట్టి దిగిపోయారు. నేను సినిమాని గుర్రాల పరుగు దగ్గరికి వెనక్కి జరిపి, సౌండ్ ఇంకొంచెం పెంచాను.

గుర్రాలు బాగా పరిగెత్తే సినిమాలు మీకు తెలిస్తే చెప్పండి. కథ లేకపోయినా ఫర్వాలేదు, కింది ఫ్లాట్‌కి వినపడితే చాలు.