పదివేల నాలుగువందల మూడు

ఆ రైలింజను డ్రైవరుది పల్లెబడి చదువే. అయితేనేం, ఇరవయ్యో ఎక్కం కింది నుంచి పైకి గడగడా చెప్పగలడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క బండీ పట్టాలు తప్పనివ్వలేదు. సిగ్నల్ పడక ఆగినప్పుడల్లా ఆయన చూపుడువేలు తొడమీద లెక్కలు చేసేది. తన ఇంజను నంబరు 10403 అంటే ఆయనకు ప్రాణం. రెండు నుంచి వంద దాకా ప్రతి సంఖ్యతోనూ భాగించి చూశాడట, ఎప్పుడూ శేషం మిగిలిందట. "దేనికీ లొంగదు, అచ్చం నాలాగే!" అని ఊరంతా చెప్పుకున్నాడు.

ఓ ఆదివారం బట్టలు కుడుతున్న మరదలు నోట్లోని గుండుసూది తీసి, "వంద దగ్గరే ఆగావేం బావా? నూటొకటి ఏం పాపం చేసింది?" అంది.

"వందని వందతో గుణిస్తే పదివేలు. అంతదాకా ఏ సంఖ్యకైనా వంద లోపు చూస్తే చాలు, ఇంకా పైకెందుకే?"

"నీ నంబరు పదివేలు దాటింది కదా మరి!"

ఇన్నేళ్ళ గొప్పా ఒక్క భాగహారానికి వచ్చి ఆగింది. తొడమీద వేలు నడిచింది. నూటొకటితో భాగిస్తే సరిగ్గా నూటమూడు, శేషం సున్నా. ఇంటిల్లిపాదీ నవ్వాపుకుంటున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా వేలు ఆగలేదు. నూటొకటిని భాగించి చూశాడు, తెగలేదు. నూటమూడూ తెగలేదు.

"ఓసి నీ తెలివి! దీని లోపల రెండు మొండిఘటాలు దాక్కున్నాయే!"

మర్నాడు డ్యూటీకెళ్ళగానే, ఎవరూ అడక్కుండానే తోటి డ్రైవర్లను పిలిచి చెప్పాడు. "నా నంబరు లొంగిపోయిందర్రా. లొంగదీసింది ఎవరనుకున్నారు? మా మరదలు!"