కత్తుల తర్వాత పాము

రాజుగారి సమాధి గోడలమీద దేవుళ్ళ బొమ్మలకు మా నఖ్తీ పెట్టింది పేరు. నక్కముఖం అనుబిస్‌నైనా, రెక్కలు చాచిన ఐసిస్‌నైనా ఒక్క ఊపులో నిలబెట్టేవాడు. పామంటే మాత్రం హడల్. అసలు పాము కాదు, గోడమీది పాము. ఆ సంగతి అతని భార్య వబెత్‌కూ, పక్కన కూర్చుని రంగులు నూరే నాకూ మాత్రమే తెలుసు.

అతని భయానికి కారణం లేకపోలేదు. సమాధి తలుపు మూశాక గోడమీది బొమ్మలన్నీ ప్రాణం పోసుకుంటాయి. మూయకముందే పోసుకోవని ఎవరు చెప్పొచ్చారు? రోజూ రాత్రి సూర్యుడి పడవను మింగబోయే అపేప్ పామును గీస్తే, అందుకే ఒళ్ళంతా కత్తులు దిగినట్టు గీస్తాం. ముందు పాము, తర్వాత కత్తులు. ఆ రెంటికీ మధ్య, ఒంటిమీద కత్తి లేని పాముతో గడిపే ఆ కాసేపే నఖ్తీ ప్రాణం తోడేసేది. పాముల గోడ వచ్చినప్పుడల్లా కడుపునొప్పి తెచ్చుకునేవాడు.

ఈసారి మేస్త్రి పెన్నూబ్ పసిగట్టాడు. "ఏరా, నీ కడుపుకి పాములు పడవా? రేపు సాయంత్రానికి ఆ గోడ పూర్తి కాకపోతే కుంచె ఇచ్చేసి నీళ్ళు మోసే గాడిదలు తోలుకో."

ఇంటికెళ్ళి చెబితే వబెత్, "తోలుకో. గాడిదలంటే భయం లేదుగా?" అందట.

మర్నాడు నఖ్తీ ఖాళీ గోడమీద కత్తులు గీయడం మొదలుపెట్టాడు. పెద్దవీ చిన్నవీ, నిలువుగా, ఏటవాలుగా. రొట్టెలు తింటున్న జట్టంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

"అన్నా, గాలిని పొడుస్తున్నావా?"

"కాదురా, ఉల్లిపాయలు తరగమని వాళ్ళావిడ పురమాయించింది!"

నఖ్తీ చెవులు ఎర్రబడ్డాయి. నాకేసి వంగి, "బావా, ఇంకో రెండు వేస్తే నయమేమో?" అని గొణిగాడు.

"వేసెయ్, ఎవరికి నష్టం?" అన్నాను.

ఆ తర్వాతే పాము గీశాడు. ప్రతి కత్తి కిందకీ రావాలి కదా, ఒకచోట ముడుచుకుంది, ఒకచోట నడుం విరిగినట్టు ఎగిరిపడింది. మామూలుగా మేం గీసే పాము ఆరేసిన తాడులా ఉంటుంది. ఇదేమో గిలగిల కొట్టుకుంటోంది.

సాయంత్రం పెన్నూబ్ దీపం పట్టుకుని వచ్చాడు. వెలుగు ఊగింది. ఆయన గబుక్కున వెనక్కి అడుగేసి నా కాలు తొక్కాడు. తేలికపాటి మనిషేం కాదు.

"ఇదేంట్రా, దీనికి నిజంగా నొప్పి పుడుతోంది!"

"పుట్టాలి మేస్త్రీ, లేకపోతే నాకు పుడుతుంది" అన్నాడు నఖ్తీ.

పెన్నూబ్ నవ్వాపుకోలేకపోయాడు. గోడను చాలాసేపు చూశాడు. "సరే, కుంచె నీ దగ్గరే ఉండనీ. కన్ను గీయలేదేం?"

నఖ్తీ కుంచె తుడుచుకున్నాడు. "కన్ను గీస్తే చూస్తుంది మేస్త్రీ. పక్కన ఇంకో కత్తి వేశాక గీస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను నల్లరంగు అందించాను. దీపం మాత్రం మేస్త్రే దగ్గరగా పట్టాడు.